మూడు వేల ఆరు వందల మట్టి

పోయినేడు దసరా సెలవుల్లో నేను మూడు వేల ఆరు వందలు పెట్టి మట్టి కొన్నాను. మీరు సరిగ్గానే చదివారు, మట్టే. తొమ్మిది లీటర్ల సంచి. ముందు పచ్చటి మొక్కల ఫోటో, వెనక నాకు రాని భాషలో ఏవో సూచనలు. ఆక్వేరియంలో మొక్కలు పెంచేవాళ్లు దీన్ని ఆక్వాసాయిల్ అంటారు. నల్లటి చిన్న చిన్న గుళికలు, చేతిలో పోసుకుంటే మిరియాల్లా ఉంటాయి. ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెప్పి దాచుకున్న డబ్బు అది.

మా ఇల్లు శాలిబండలో. పాత ఇల్లు, కింద షాబాద్ బండలు, మధ్య గదిలో పగలు కూడా లైటు వెయ్యాలి. ఆ గదిలో అరవై లీటర్ల ట్యాంకు పెట్టాను. అప్పుడు అమ్మమ్మ తాండూరు దగ్గర ఊరి నుంచి పండక్కి వచ్చి ఉంది. సంచి చూసి ధర అడిగింది. చెప్పాను.

"మట్టికి మూడు వేలా బిడ్డా? మన చేన్ల అడ్డెడు తవ్వుకపోయినా అడిగేటోడెవడు?"

నేను నవ్వి, అది మామూలు మట్టి కాదు అమ్మమ్మా, అందులో న్యూట్రియెంట్స్ ఉంటాయి, వాటిని పట్టి ఉంచుతుంది అని చెప్పాను. ఆమె కూడా నవ్వింది. ఎవరి నవ్వు కరెక్టో తెలియడానికి నాకు మూడు రోజులు పట్టింది.

దుకాణంలో చెప్పింది చెప్పినట్టే చేశాను. సాయంత్రం మట్టి పరిచాను, బోరు నీళ్లు నింపాను, వాలిస్నేరియా, అమెజాన్ స్వార్డ్ నాటాను. "కల్ మఛ్లీ డాల్ దో, కుఛ్ నై హోతా" అన్నారు కాబట్టి మర్నాడు పన్నెండు గప్పీలు వదిలాను. మూడో రోజు పొద్దున్నకి రెండే మిగిలాయి. మొప్పలు ఎర్రగా, నీళ్ల పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ చచ్చిపోయాయి. అమ్మోనియా టెస్ట్ కిట్ కొని చూస్తే రంగు ముదురు ఆకుపచ్చ. కార్డు మీద చివరి గడి అది.

ఆ దుకాణం మీద ఫిర్యాదు రాయడానికి ఇది మొదలుపెట్టలేదు. తప్పు నాది కూడా. పోషకాలను పట్టి ఉంచే మట్టి అంటే ఏంటి, దేన్ని పడుతుంది, ఎలా పడుతుంది, ఎప్పుడు వదిలేస్తుంది అన్న ఒక్క ప్రశ్న కూడా వేసుకోకుండా సంచి కొన్నాను. నాలాగే మన కాలేజీలో, హాస్టల్లో ట్యాంకులు పెట్టుకున్నవాళ్లు కనీసం ఏడెనిమిది మంది నాకు తెలుసు. అందరం కంప్యూటర్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, క్యాష్ ఎంత అని గంటలు గంటలు పోల్చి చూస్తాం. మట్టి విషయంలో మాత్రం సంచి మీది ఫోటో చాలు మనకి. నా వాదన ఏంటంటే, ఆ సంచిలో మనం కొనే అసలు గుణం మన జిల్లాల్లో కాళ్ల కింద ఉంది. అయితే అది మంత్రం కాదు, దానికీ హద్దులున్నాయి. ఆ రెండూ తెలుసుకోకుండా డబ్బు పెట్టడం సైన్స్ కాదు.

(మ్యాగజైన్‌కి కవిత ఇస్తానని మాటిచ్చి మట్టి మీద రాసిస్తున్నందుకు ఎడిటర్ అక్క మన్నించాలి. నేను ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. కవిత కన్నా ఇదే నయం.)

ముందు అసలు పని ఎలా జరుగుతుందో చెప్తాను. మట్టిలో అన్నిటికన్నా సన్నటి భాగం బంకమన్ను. అది పొరలు పొరలుగా, పుస్తకంలో పేజీల్లా పేర్చినట్టు ఉండే ఖనిజం. ఆ పొరల్లో అక్కడక్కడ మూడు ప్లస్‌ల అల్యూమినియం ఉండాల్సిన చోట రెండు ప్లస్‌ల మెగ్నీషియం కూర్చుని ఉంటుంది. ఒక ప్లస్ తక్కువైంది కాబట్టి పొర మీద ఒక మైనస్ మిగిలిపోతుంది. ఆ మైనస్‌ని అంటిపెట్టుకుని ప్లస్ అయాన్లు చేరతాయి. అమ్మోనియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం. ఇది పెళ్లి బంధం కాదు, అఫ్జల్‌గంజ్‌లో బస్సు సీటు. ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కుతారు, గట్టిగా తోసేవాళ్లు వస్తే కూర్చున్నవాళ్లు లేవాల్సిందే. మొక్క వేరు చేసేది కూడా అదే. తన దగ్గరి హైడ్రోజన్ అయాన్‌ని ఆ సీట్లో కూర్చోబెట్టి, పొటాషియాన్ని లేపి పట్టుకెళ్తుంది. ఒక మట్టిలో ఇలాంటి సీట్లు ఎన్ని ఉన్నాయో చెప్పే కొలతే కేటయాన్ ఎక్స్ఛేంజ్ కెపాసిటీ, పొట్టిగా సీఈసీ.

దీన్ని కనిపెట్టింది ఆక్వేరియం కంపెనీలు కాదు. 1850లో ఇంగ్లాండ్‌లో థాంప్సన్ అనే ఆయన తన ప్రయోగం అచ్చు వేశాడు. మట్టి మీద అమ్మోనియం సల్ఫేట్ నీళ్లు పోస్తే కింద నుంచి వచ్చిన నీళ్లలో ఉన్నది కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం. అమ్మోనియం మట్టిలో ఆగిపోయింది, దాని బదులు కాల్షియం బయటికొచ్చింది. అదే కాలంలో థామస్ వే అనే కెమిస్టు ఆ పని మీదే కూర్చుని, ఇది జల్లెడ పట్టడం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం అని చూపించాడు. ఇంటర్ ఫస్టియర్ హైడ్రోజన్ చాప్టర్‌లో నీటి కాఠిన్యం పోగొట్టే జియోలైట్ పద్ధతి గుర్తుందా? అదీ ఇదీ ఒకటే. నేను ఆ సమీకరణాలు కళ్లు మూసుకుని రాసేవాణ్ణి. అది మట్టి కథ అని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు గప్పీల సంగతి. ఆక్వాసాయిల్ సంచిలోంచి వచ్చేటప్పుడే దానిలో సీట్లు చాలావరకు నిండి ఉంటాయి, పైగా కుళ్లే సేంద్రియ పదార్థం కూడా ఉంటుంది. మొదటి కొన్ని వారాలు అది అమ్మోనియా వదులుతుంది. ఇది లోపం కాదు, దాని స్వభావం. నేను దాని మీద పోసినవి మా బోరు నీళ్లు. వాటి కాఠిన్యం తెలియాలంటే మా గీజర్ రాడ్డు మీద పేరుకున్న తెల్ల పెచ్చు చూస్తే చాలు. అంటే నీళ్ల నిండా కాల్షియం. అది వచ్చి అమ్మోనియాన్ని సీట్లోంచి లేపింది. పైగా ఆ నీళ్ల పీహెచ్ ఎనిమిది. పీహెచ్ ఏడు దగ్గర అమ్మోనియాలో విషపు రూపం అర శాతం చుట్టూ ఉంటుంది. ఎనిమిది దగ్గర అయిదు శాతం దాటుతుంది. ఒక్క అంకె తేడాకి పది రెట్లు. అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కొత్త ట్యాంకులో కుదురుకోవడానికి నెలా నెలన్నర పడుతుంది. నేను వాటికి ఒక్క రాత్రి టైమిచ్చాను.

సెలవులు అయిపోయి అమ్మమ్మ ఊరికి పోతుంటే తోడు వెళ్లాను. తాండూరు కందిపప్పుకి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, పేపర్లో చదివే ఉంటారు. ఆ కంది పండేది అక్కడి నల్లరేగడిలోనే. చేను గట్టు మీద నిలబడి, నా ట్యాంకు గోస చెప్పి, మీ మట్టి ఏం పట్టుకుంటుందో చెప్పు అని అడిగాను.

"రేగడి ఏసింది పట్టుకుంటది. చెలక ఏసింది ఇడిచిపెడ్తది. అందుకే చెలకల ఎరువు ఒక్కపారి గుమ్మరియ్యొద్దు, జరంత జరంత ఎయ్యాలె."

రెండు వాక్యాల్లో సీఈసీ చాప్టర్ అయిపోయింది. నల్లరేగడిలో ఉండే మాంట్‌మొరిల్లోనైట్ అనే బంకఖనిజానికి సీఈసీ వంద గ్రాములకి 80 నుంచి 120 మిల్లీ ఈక్వివలెంట్లు. ఎర్ర చెలకల్లో ఎక్కువగా ఉండే కేయోలినైట్‌కి 3 నుంచి 15. ఇసుకకి దాదాపు సున్నా. బాగా కుళ్లిన సేంద్రియ పదార్థానికి 200 కూడా దాటొచ్చు. చేను మట్టి అంతా బంకమన్నే కాదు కాబట్టి మొత్తం మీద రేగడికి 40 అనుకుని ఒక లెక్క వేశాను. కిలో మట్టికి 400 మిల్లీ ఈక్వివలెంట్లు. సీట్లన్నీ అమ్మోనియానికే ఇచ్చేస్తే ఏడు గ్రాముల పైన పడుతుంది. నా అరవై లీటర్ల ట్యాంకులో లీటరుకి ఒక మిల్లీగ్రాము అమ్మోనియం ఉంటే మొత్తం అరవై మిల్లీగ్రాములే. అంటే కాగితం మీద కిలో రేగడి అలాంటి ట్యాంకులు నూటికి పైగా ఖాళీ చెయ్యగలదు. కాగితం మీద అని ఎందుకన్నానో తర్వాత చెప్తాను.

రెండు సంచుల మట్టి తెచ్చాను, ఒకటి రేగడి, ఒకటి చెలక. ట్రైన్‌లో పక్కనాయన బియ్యమా అని అడిగాడు.

ఇంట్లో చేసిన ప్రయోగం ఇది. మీరూ చెయ్యొచ్చు, యాభై రూపాయలు కూడా కాదు. చేపలకి ఫంగస్ వస్తే వేసే నీలం మందు ఉంటుంది కదా, మిథిలీన్ బ్లూ, ప్రతి చేపల దుకాణంలో దొరుకుతుంది. దాని రంగు అయాన్ ప్లస్. ఇంకొకటి మా వంటింట్లోంచి తీశాను, బిర్యానీలో వేసే రంగు. అది మైనస్. గ్లాసులు రెండు వరసలు పెట్టాను. ఒక్కో వరసలో కడిగిన ఇసుక ఒక చెంచా, చెలక ఒక చెంచా, రేగడి ఒక చెంచా, ఆ ఖరీదైన గుళికలు నలిపి ఒక చెంచా. అన్నిట్లో సమానంగా నీళ్లు. మొదటి వరసలో నీలం మందు పది చుక్కలు, రెండో వరసలో బిర్యానీ రంగు. బాగా కలిపి రాత్రంతా వదిలేశాను.

పొద్దున లేచి చూస్తే, ఇసుక గ్లాసు రాత్రి ఎంత నీలమో అంతే నీలం. చెలక గ్లాసు కొంచెం పలచబడింది. రేగడి గ్లాసులో పైన నీళ్లకి రంగే లేదు. మట్టి కింద కూర్చుంది, నీలం దానితో పోయింది. గుళికల గ్లాసు కూడా అంతే, తెల్లగా. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది మూడు వేల ఆరు వందలది, ఏది కందిచేనుది అని మా తమ్ముణ్ణి అడిగాను. వాడు తప్పు చెప్పాడు. ఇంకో పది చుక్కలు, ఇంకో పది వేసుకుంటూ పోయాను. చెలక తొందరగా చేతులెత్తేసింది. రేగడి, గుళికలు చాలాసేపు తాగాయి.

రెండో వరస నాకు ఇంకా ముఖ్యం. బిర్యానీ రంగు నాలుగు గ్లాసుల్లోనూ నీళ్లలోనే ఉండిపోయింది. మైనస్ పొరకి మైనస్ రంగుతో పనిలేదు. నైట్రేట్ కూడా మైనస్సే. కాబట్టి పోషకాలన్నీ పట్టి ఉంచుతుంది అని సంచి మీద ఎవరు రాసినా అది సగం మాటే. అమ్మోనియం ఆగుతుంది, పొటాషియం ఆగుతుంది. నైట్రేట్ నీళ్లలో తిరుగుతూనే ఉంటుంది, దాన్ని మొక్కలు తాగాలి లేదా మీరు బకెట్‌తో మార్చాలి. ఇంకో మాట. నున్నటి గులకరాళ్ల ప్యాకెట్ మీద కూడా హై సీఈసీ అని రాసి అమ్మడం చూశాను. ఆ ప్యాకెట్ కొనే ముందు నీలం చుక్కలు వెయ్యండి.

ఇంతవరకు చదివి రేగడి జిందాబాద్ అనుకుంటే ఆగండి. నేను కూడా అలాగే అనుకుని గుళికలన్నీ తీసేసి ట్యాంకు అడుగున నాలుగు అంగుళాలు ఉత్త రేగడి పరిచాను. అది ఉబ్బింది. ఎండాకాలం నెర్రెలిచ్చే మట్టి నీళ్లలో ఏం చేస్తుందో తెలియడానికి బీటెక్ అక్కర్లేదు. గాలి ఆడక అడుగున నల్లబడి కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఒక్క మొక్క పీకి వేరే చోట నాటితే ట్యాంకంతా రెండు రోజులు ఇరానీ చాయ్. గుళికలకి ధర ఎందుకో అప్పుడు అర్థమైంది. అదే బంకమన్నుని నీళ్లలో విడిపోకుండా, మధ్యలో గాలి ఆడేలా ముద్దలు చేసి ఎండబెట్టడం పనితనం. దానికి డబ్బు ఇవ్వడం తప్పు కాదు. కానీ మనం ఇస్తున్నది ఆ గుళిక ఆకారానికి అని తెలిసి ఇవ్వాలి.

ఇంకో చిక్కు సున్నం. తాండూరు అంటే నాపరాయి, నాపరాయి అంటే సున్నపురాయి. ఆ రేగడిలో శనగ గింజంత తెల్లటి సున్నపు గడ్డలు ఉంటాయి. నిమ్మరసం పిండితే బుసబుసమని పొంగుతాయి. అవి ఉంటే నీళ్ల కాఠిన్యం ఇంకా పెరుగుతుంది. జల్లెడ పట్టి ఏరేశాను, రెండు ఆదివారాలు పోయాయి.

ఇప్పుడు కాగితం మీది లెక్క దగ్గరికి. రేగడి చేను నుంచి వచ్చేటప్పుడే సీట్లలో ఎక్కువ భాగం కాల్షియం, మెగ్నీషియం కూర్చుని ఉంటాయి. పైన మా బోరు నీళ్లు రోజూ ఇంకా కాల్షియం తెస్తాయి. కాబట్టి ఖాళీ సీట్లు నూరు ట్యాంకులకి సరిపడా ఉండవు. ఆక్వాసాయిల్‌కీ ఇదే గతి. అది మొదట్లో నీటి కాఠిన్యాన్ని, పీహెచ్‌ని తగ్గిస్తుంది. బోరు నీళ్లు పోస్తూ ఉంటే కొన్నాళ్లకి సీట్లన్నీ కాల్షియంతో నిండిపోయి ఆ పని ఆపేస్తుంది. అపార్ట్‌మెంట్లలో వాటర్ సాఫ్ట్‌నర్‌కి ఉప్పు పోసి మళ్లీ బతికిస్తారు. ట్యాంకులో ఉప్పు పోయలేం కదా. విదేశీ వీడియోల్లో వాళ్లు మెత్తటి నీళ్లు పోసి, మట్టి ఏళ్ల తరబడి పనిచేసింది అంటే, శాలిబండలో మన మట్టి అంత కాలం చెయ్యదు. ఈ ఒక్క సంగతి మన హైదరాబాద్ హాబీ వాళ్లు ముందే చెప్తే ఎంతమందికి ఎన్ని వేలు మిగిలేవో. నేనిప్పుడు రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లు డ్రమ్ములో పట్టి, క్లోరిన్ మందు వేసి, అవే వాడుతున్నాను.

చివరికి నిలబడిన పద్ధతి చాలామందికి తెలిసిందే. డయానా వాల్‌స్టాడ్ అనే అమెరికన్ ఆమె 1999లో పుస్తకం రాసింది, అడుగున మామూలు తోట మట్టి, పైన సన్న గులకరాళ్ల మూత. నేను రేగడి ఒక వంతు, చెలక ఒక వంతు, కడిగిన ఇసుక ఒక వంతు కలిపాను. నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, అలా నాలుగు సార్లు మిద్దె మీద. మట్టి ఒక అంగుళం, ఇసుక ఒక అంగుళం. మొక్కలు నాటి అయిదు వారాలు చేపలు వెయ్యలేదు.

చెలక ఎందుకు కలిపానంటే ఫాస్ఫేట్ కోసం. అదీ మైనస్సే, రేగడి పొర దాన్ని పట్టదు. ఎర్రమట్టిలో ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది, ఫాస్ఫేట్ దానికి వేరే రకంగా అతుక్కుంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు. ఆక్సిజన్ అయిపోతే ఐరన్ కరిగిపోయి, పట్టుకున్న ఫాస్ఫేట్‌ని వదిలేస్తుంది.

ఈ చివరి ముక్క చదివినప్పుడు నాకు మీర్ ఆలం చెరువు గుర్తొచ్చింది. జూ పార్కుకి వెళ్లినప్పుడల్లా చూస్తాం కదా. 1806లో పూర్తయిన కట్ట, ఇరవై ఒక్క కమానులు వరసగా, ఇప్పటికీ నిలబడి ఉంది. నీళ్ల మీద గుర్రపుడెక్క. తీస్తారు, మళ్లీ వస్తుంది. మురుగు రావడం ఆపితే చాలు అని మనం అనుకుంటాం. ఆపాలి, అది మొదటి పని. కానీ అడుగు బురద ఇన్నేళ్లుగా పట్టి ఉంచుకున్నది ఉంది. పైన మురుగు ఆగినా, అడుగున ఆక్సిజన్ లేనంతకాలం ఆ బురద పాత ఫాస్ఫేట్‌ని తిరిగి ఇస్తూనే ఉంటుంది. పట్టి ఉంచే గుణం మంచిదా చెడ్డదా అన్నది అందులో మనం ఏం పోశామన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఊళ్లలో ఇదే సంగతి తిరగేసి వాడుకున్నారు. ఎండాకాలం చెరువు ఎండితే అడుగు ఒండ్రు తవ్వి చెలకల్లో పోసుకోవడం మన దగ్గర పాత అలవాటు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రైతులు ట్రాక్టర్లు పెట్టుకుని ఒండ్రు తోలుకుపోయారు. నేనప్పుడు చిన్నపిల్లాణ్ణి, టీవీలో చూసి మట్టి కోసం ఇంత తొక్కులాట ఏంటి అనుకున్నాను. సీట్లు లేని చెలకకి సీట్లు తెచ్చి పోస్తున్నారు వాళ్లు. నేను మూడు వేల ఆరు వందలు పెట్టి కొన్నదీ అదే, కాకపోతే వాళ్లకి తెలిసి తోలుకున్నారు, నేను తెలియక కొన్నాను. ఇంగ్లీష్ మీడియంలో పన్నెండేళ్లు చదివి నేర్చుకున్న సాయిల్ అన్న మాట నాకు సంచి మీద కనిపిస్తే సైన్స్‌లా అనిపించింది. అదే మాట అమ్మమ్మ నోట్లోంచి మట్టి అని వస్తే మురికిలా అనిపించింది. సిగ్గేసింది, ఒప్పుకుంటున్నాను.

ట్యాంకు ఇప్పుడు ఏడో నెల. స్వార్డ్ ఆకులు నీళ్ల పైకి వచ్చాయి, వాలిస్నేరియా తీగలు సాగి అద్దమంతా అల్లుకుంది. గప్పీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మానేశాను. పాత రెండిట్లో ఒకటి ఇంకా బతికే ఉంది, తోక చిరిగింది. పోయిన వారం అమ్మమ్మ ఫోన్‌లో వీడియో చూసి, అంత మంచి మట్టిల కొత్తిమీర ఎయ్యకపోతివి అంది.

నీలం మందు సీసా ఇంకా సగం ఉంది. సంక్రాంతికి ఊళ్లకి వెళ్లేవాళ్లు తిరిగొచ్చేటప్పుడు మీ చేను మట్టి ఒక గ్లాసెడు కవర్లో కట్టుకు రండి. కోనసీమ ఒండ్రైనా, పాలమూరు చెలకైనా, అనంతపురం గరప నేలైనా సరే. మెకానికల్ బ్లాక్ వెనక నీళ్ల ట్యాంకు దగ్గర ఒక శనివారం గ్లాసులు వరసగా పెట్టి చూద్దాం. బిర్యానీ రంగు నేను తెస్తాను.